మగ్గం కాళ్లు

నేను గెలిచిన బేరం

ముప్ఫై నాలుగేళ్ల మానసిక వైద్యంలో నేను చేసిన బేరాలన్నిటిలోకీ గొప్పది జమ్మలమడుగులో చేశాను. ఒక చేనేత మనిషి భార్య, చదువు మూడో తరగతి, నా బల్ల ముందు నిలబడి "ఈ మాత్రలే మా ఆయన్ను పాడు చేస్తాండాయి సార్, మాకొద్దు" అంది. పన్నెండు నిమిషాల్లో ఆమె చేత "సరే సార్" అనిపించాను. వద్దన్న మాత్రనే ఒకటికి రెండు చేసి ఇచ్చాను. పోయేటప్పుడు ఆమె దండం కూడా పెట్టింది. మా నాయన చూసి ఉంటే ఆ పూట నాకు గల్లాపెట్టె తాళాలు అప్పగించేవాడు.

ఆమె చెప్పింది నిజం. నేను చెప్పింది తప్పు.

క్లినిక్కుకు తాళం వేసి రెండేళ్లయింది. కొత్తగా ఈ వృత్తిలోకి వచ్చే పిల్లల కోసం నాలుగు ముక్కలు రాయమని ఒకరిద్దరు అడిగారు. నాకు కప్పిన శాలువాల గురించి రాయను. వాటిని మా ఇంట్లో దిండు గలీబులుగా కుట్టించేశారు. అవి ఆ పనికే బాగున్నాయి. మనిషి నిలవలేక తిరుగుతుంటే అది మనసు రోగమా, మనమిచ్చిన మాత్ర చేసే పనా అని తెలుసుకోవడానికి నాకు ఎంతకాలం పట్టిందో, ఆ ఆలస్యాన్ని ఎవరు మోశారో అది రాస్తాను.

అంగడి బుద్ధి

మాది ప్రొద్దుటూరు. బట్టల అంగడి. బడి వదిలితే నేను గల్లా పక్కన కూర్చొని నాయన గిరాకీని ఎట్లా తిప్పుతాడో చూసేవాణ్ణి. ఎవరైనా వచ్చి "రంగు పోతాదేమో" అంటే ఆయన కళ్లు మెరిసేవి. "నేత పలచగుండాది" అంటే కాఫీ తెప్పించేవాడు. "తప్పు పట్టేవాడే కొనేవాడప్పా. శానా బాగుందన్నోడు దండం పెట్టి పోతాడు" అనేవాడు. గిరాకీ సరుకును తిట్టడం ధర తగ్గించడానికే. ఆ తిట్టు వినాలి, నవ్వాలి, నమ్మకూడదు.

ఆ బుద్ధినే నేను తెల్లకోటు కింద వేసుకొని తిరిగాను. మా వైపు మనసు రోగానికి మాత్రలు వాడించడం చీర అమ్మడం కంటే కష్టం. పదిహేను రోజులు వాడతారు, కొంచెం కుదుటపడితే మానేస్తారు. అందుకని నేను రెండేళ్లు వాడించాలనుకుంటే అయిదేళ్లని మొదలుపెట్టేవాణ్ణి. వాళ్లు ఏడాది అనేవాళ్లు. ఇద్దరం రెండు దగ్గర కలిసేవాళ్లం. నవ్వకండి. దీంతో చాలామంది బాగుపడ్డారు, ఆ మాట కూడా నిజమే.

కానీ బేరగాడికి ఒక జబ్బు ఉంటుంది. ఎదుటివాడు నొప్పి అని చెప్పినా అది వాడికి ధరలాగే వినిపిస్తుంది. "నోరు ఎండుతాంది", "మబ్బుగా ఉంది", "ఒళ్లు నిలవడం లేదు" అని ఎవరన్నా "రంగు పోతాదేమో" అన్నట్టే విన్నాను. నవ్వాను. నమ్మలేదు.

ఓబులేసు

నాకు ప్రొద్దుటూరులో క్లినిక్కు. మంగళవారం జమ్మలమడుగు, శుక్రవారం పులివెందుల. ఆ రెండు చోట్లా మందుల షాపు వెనక ఒక గది, ఒక బల్ల, ఫ్యాను ఉంటే ఫ్యాను.

ఓబులేసుది జమ్మలమడుగు దగ్గరి పల్లె. మొదటిసారి వచ్చినప్పుడు నలభై రెండేళ్లు. గుంత మగ్గం మీద పట్టుచీరలు నేసేవాడు. గుంత మగ్గం తెలియని వాళ్లకు ఒక మాట: నేల మీద గుంత తీసి, అంచున కూర్చొని, కాళ్లు లోపలికి వేలాడేసి నేస్తారు. చేతులు పైన పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడెతో పని చేస్తుంటే కాళ్లు కింద పలకలు తొక్కుతుంటాయి. పొద్దున కూర్చుంటే తిండికి తప్ప లేవరు. కూర్చోలేని మనిషి ఏ పనైనా చేయొచ్చు గానీ ఆ పని చేయలేడు.

అప్పుడు అతనికి వచ్చింది దిగులు జబ్బు. రెండు నెలలుగా తిండి లేదు, నిద్ర లేదు. భార్య సుబ్బలక్షుమ్మ, "మగ్గంలో కుచ్చుంటాడు సార్, నాడె ముట్టడు. పోగుల పక్క చూస్తా ఉంటాడు" అంది. దిగులుకు ఒక మాత్ర రాశాను. ఆందోళన తగ్గుతుందని, నిద్ర పడుతుందని దానికి తోడు, ఉన్మాదానికి వాడే హాలోపెరిడాల్ కొంచెం కలిపాను. అవసరమా అంటే లేదు. అలవాటు. చీర కొన్నవాళ్లకు జాకెట్టు గుడ్డ చింపి ఇచ్చే అంగడి అలవాటు.

పదిరోజులకు మళ్లీ వచ్చారు. ఆమె, అతని అన్న నరసింహులు ఆటోలో వచ్చారు. ఓబులేసు నడిచి వచ్చాడు.

"తెల్లారి లేస్తే నడిచేదే సార్," అంది సుబ్బలక్షుమ్మ. "మగ్గంలో దిగుతాడు, లేస్తాడు. మల్లా దిగుతాడు, మల్లా లేస్తాడు. అన్నం గూడా నిలబడే తింటాండాడు."

"నిద్ర?"

"యాడిది?"

"కోపం?"

"శానా. నిన్న అన్న మీదికి లేచినాడు."

నా బుర్రలో గంట మోగింది. దిగులుతో కూర్చుండిపోయిన మనిషి ఒక్కసారిగా లేచి తిరుగుతున్నాడు, నిద్ర లేదు, కోపం ఉంది. దిగులు మాత్ర మనిషిని ఇటు నుంచి అటు తిప్పేసింది, లోపల దాగి ఉన్న బైపోలార్ జబ్బు బయటపడింది, ఇది ఉన్మాదం. అట్లా జరగడం ఉంది, పుస్తకాల్లోనూ ఉంది. నేను కనిపెట్టానని నాకు సంతోషం కూడా కలిగింది. ఆ సంతోషాన్ని అనుమానించాల్సింది. సరుకు మరీ చవగ్గా దొరికినప్పుడు తిప్పి చూడాలని అంగడిలో పుట్టినవాడికి తెలియదా?

మేం మాట్లాడుతున్నంతసేపూ ఓబులేసు కాళ్లు మారుస్తూనే ఉన్నాడు. నేను ఒకసారి కిందికి చూశాను కూడా. నరసింహులు నవ్వాడు. "మగ్గం కాళ్లు సార్ అవి. చిన్నప్పటి నుంచి తొక్కి తొక్కి ఊరికే ఉండమంటే ఉంటాయా?"

నేనూ నవ్వాను. బాగా చెప్పావప్పా అన్నాను. చీటీలో కాళ్ల గురించి ఒక్క అక్షరం రాయలేదు. నేతపని తెలిసిన ఊళ్లో పుట్టి, నేతగాడి కాళ్లు చూస్తూ పెరిగి, ఆ తెలివితోనే నేను మోసపోయాను. బయట ఊరి డాక్టరైతే ఆ కాళ్లను చూసి ఉలిక్కిపడేవాడు.

దిగులు మాత్ర ఆపేశాను. హాలోపెరిడాల్ మూడింతలు చేశాను. మనసును నిలకడగా ఉంచేందుకు ఇంకోటి చేర్చాను. చీటీ మీద బైపోలార్ అని రాశాను. ఆ కాళ్లకు మంట పెట్టిన పెట్రోలునే మూడు రెట్లు పోశాను, మంట ఆర్పుతున్నానని.

పన్నెండు నిమిషాలు

ఏడాది తిరిగింది. లాక్‌డౌన్ వచ్చి పోయింది. బస్సులు మొదలయ్యాక వాళ్లు మళ్లీ వచ్చారు. ఆ రోజు సుబ్బలక్షుమ్మ ముందే మాటలు కూడగట్టుకొని వచ్చినట్టుంది. వరసగా చెప్పింది. ఇప్పుడు రాస్తుంటే ఆ వరస ఎంత శుభ్రంగా ఉందో కనపడుతోంది. ఏ పీజీ విద్యార్థీ అంత చక్కగా కేసు చెప్పలేడు.

"షాపులో ఈ మాత్ర రాలేదు సార్. నెలా పదైదు దినాలు యాడా దొరకలా. వారం పోయినాక ఆయప్ప మగ్గంలో కుచ్చున్యాడు. కుచ్చోని లేయలేదు సార్. రెండు చీరలు దించినాడు. పిల్లోల్లతో నవ్వినాడు. మల్ల మాత్రలు దొరికినాయి, తెచ్చిచ్చినా. మూడో దినానికి మల్లా మొదులు. ఈ మాత్రలే పాడు చేస్తాండాయి సార్, మాకొద్దు."

నాకు ఏం వినిపించిందో చెప్పాను గదా. రంగు పోతాదేమో.

"మధ్యలో ఆపితే తిరగబెట్టదా అమ్మా?" అన్నాను.

"ఆపినప్పుడు బాగుండె సార్. మల్ల ఏసినప్పుడే..."

"ఆపిన దెబ్బ అప్పుడే తెలియదు. తర్వాత తెలుస్తుంది."

"అంటే ఏసినంక తెలుస్తాదా?"

ఆమె అడిగింది సరైన ప్రశ్న. గిరాకీ మాటకు చిక్కినప్పుడు మా నాయన చేసే పనే నేనూ చేశాను. సరుకు మడిచి లోపల పెట్టబోయాను. చీటీ పక్కకు తోసి, "సరే, వద్దంటే వద్దు. రేపు ఈ మనిషి నడుచుకుంటా ఎర్రగుంట్ల రైలు పట్టాల మీదికి పోతే నన్ను అడగొద్దు" అన్నాను.

ఆమె ముఖం పాలిపోయింది. అది చూసి గెలిచానని తెలిసి, ఆగాల్సినవాణ్ణి ఆగలేదు. నరసింహులు వైపు తిరిగి, "ఈ మనిషికి ఈ గతి మాత్రలు మానడం వల్లే పట్టింది. ఇకమీదట మీరు దగ్గరుండి వేయించండి" అన్నాను.

"సరే సార్," అంది ఆమె.

నేనన్న ఆ ఒక్క మాటతో ఆమెకు ఏమయిందో నాకు చాలాకాలం తెలియదు. మాత్రల డబ్బా బావగారి ఇంటికి పోయింది. మొగుణ్ణి మాత్రలు మాన్పించి పిచ్చోణ్ణి చేసింది అని ఊరంతా అనుకున్నారు. డాక్టరు సారే చెప్పినాడంట అన్నారు. నేను చెప్పానన్నది నిజమే గదా.

గిరాకీ నోరు మూసుకుంటే

పీజీ చదివేటప్పుడు మాకొక ప్రొఫెసరు ఉండేవాడు. కోస్తా మనిషి. నా మాట వింటే ఆయనకు తలనొప్పి. ఆయన గదిలో చేతులు లేని ఒక పొట్టి స్టూలు ఉండేది. రోగిని దాని మీద కూర్చోబెట్టి, అయిదు నిమిషాలు ఏమీ అడగకుండా మోకాళ్ల కిందికే చూస్తుండేవాడు. మేం బయటికొచ్చి "సార్‌కు చెప్పుల కొట్టు పెట్టుకోవాలనుంది" అని నవ్వుకునేవాళ్లం. ఒకసారి నన్ను పిలిచి, "నీ రాయలసీమ నోటికి కాస్త విశ్రాంతి ఇవ్వవయ్యా. ఆ టైములో కళ్లు వాడుకోవచ్చు" అన్నాడు. కోపం వచ్చింది. రోజుకు నలభై మందిని చూసే మనిషికి అయిదు నిమిషాల మౌనం ఎక్కడిది అనుకున్నాను.

మొదటి చీటీ రాసిన నాలుగేళ్లకు, ఒక మంగళవారం జమ్మలమడుగులో కరెంటు పోయింది. గదిలో ఉక్క. వరండాలోకి వచ్చి కుర్చీ వేసుకున్నాను. బెంచీల మీద రోగులంతా కూర్చొని ఉన్నారు, ఓబులేసు తప్ప. బెంచీ ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు. ఆగినప్పుడు కుడికాలు, ఎడమకాలు, కుడికాలు.

"కుచ్చో మామా, నిన్ను చూసి మాకు తల తిరుగుతాంది," అన్నాడొకాయన.

"కూలి ఎంతిస్తాండారు మామా, నడిచేదానికి?" అన్నాడింకొకడు.

అందరూ నవ్వారు. ఓబులేసు కూడా నవ్వబోయి, ఆగి, నడిచాడు. సుబ్బలక్షుమ్మ చీటీ మడిచి పట్టుకొని నేల చూస్తోంది. నన్ను చూసి లేచి నిలబడింది గానీ ఏమీ అనలేదు. అప్పుడు తట్టింది. ఈమె నాతో బేరమాడి ఎన్నాళ్లయింది? మూడేళ్లు. ప్రతిసారీ వస్తుంది, చీటీ ఇస్తుంది, పోతుంది. బేరం చేసేవాడు ఒక్కసారిగా మాట్లాడకుండా నిలబడితే ఒప్పుకున్నాడని కాదు, నీ మీద ఆశ వదులుకున్నాడని అర్థం. ఇది అంగడిలో పసిపిల్లవాడికీ తెలుసు.

ఓబులేసును ఒక్కణ్ణే లోపలికి పిలిచాను. అంతకు ముందు అతన్ని ఒక్కణ్ణే ఎన్నడూ కూర్చోబెట్టి మాట్లాడలేదు. ఎప్పుడూ భార్యో అన్నో చెప్పేవాళ్లు.

"కూర్చో ఓబులేసూ. నేనేమీ అడగను. ఊరికే కూర్చో."

కూర్చున్నాడు. రెండు అరచేతులతో తొడలను అదిమి పట్టుకున్నాడు. మడమలు లేస్తున్నాయి, దిగుతున్నాయి. నుదుటి మీద చెమట. నిమిషం కూడా కాలేదు.

"లేస్తా సార్."

"లేవకపోతే?"

"పేలిపోతా సార్."

"నడుస్తుంటే బాగుంటుందా? హుషారుగా, సంతోషంగా?"

అతను నా ముఖంలోకి వింతగా చూశాడు. "సంతోషమా? పీనుగ మాదిరి పడి నిద్రపోవాలని ఉంటాది సార్. పోనియ్యవు. కాళ్లు గూడా కాదు. ఈడ, లోపల. ఎవురో లోపల కుచ్చోని తొక్కుతానే ఉండారు."

"ఎప్పటి నుంచి?"

"మీ మాత్ర ఏసుకున్న నాలుగో దినం నుంచి."

"ఇన్నేళ్లూ చెప్పలేదే!"

"మీరు అడిగేది రెండే గదా సార్. నిద్ర పట్టిందా, మాత్రలేసుకున్యావా. ఆ రెండిటికీ జవాబు చెప్పినా."

ఇంకో మాట కూడా అడగాలి, అడిగాను. చావాలనిపించిందా అని.

"రెండు తూర్లు పెన్నేటి బ్రిడ్జి మీదికి పోయినా సార్. కమ్మీ పట్టుకున్నా. ఆడ గూడా నిలబడలేక మళ్లుకోనొచ్చినా."

ఈ నిలవలేనితనానికి వైద్యంలో అకతీసియా అని పేరుంది. చదువుకునే రోజుల్లో పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. పిల్లలూ, ఆ పేరు కంటే ముఖ్యమైనవి చెబుతాను. ఉన్మాదంలో ఉన్న మనిషికి నిద్ర అక్కర్లేదు, అలసట తెలియదు, తలలో వంద పనులుంటాయి. మాత్ర వల్ల తిరిగే మనిషికి నిద్ర కావాలి, దొరకదు. ఏ పనీ లేదు, నడకే పని. మొదటివాడి మాటలు పరుగెత్తుతాయి, రెండోవాడివి కాళ్లే. చిరాకు, కోపం ఇద్దరిలోనూ ఉంటాయి కాబట్టి వాటిని నమ్ముకోవద్దు. ఏ మాత్ర ఎప్పుడు మొదలుపెట్టావు, ఎప్పుడు పెంచావు, తిరుగుడు ఎప్పుడు మొదలైంది, ఈ మూడూ ఒక కాగితం మీద పక్కపక్కన రాయి. మందు పెంచినకొద్దీ రోగం పెరుగుతుంటే, రోగాన్ని కాదు, నీ చేతిని చూసుకో. మా వైపు వాంతులకు, గ్యాసుకు అని వేసే కొన్ని సూదులూ మాత్రలూ కూడా ఈ పని చేస్తాయి, అవీ అడుగు. ఇది చదివి ఇంట్లోవాళ్లు ఎవరూ మాత్రలు తమంతట తాము ఆపొద్దు. డాక్టరును కూర్చోబెట్టి అడగండి. కసిరితే ఇంకో డాక్టరును అడగండి.

అన్నిటికంటే ముందు, రోగిని అడుగు. లోపల ఎట్లా ఉందని.

హాలోపెరిడాల్‌ను మెల్లగా తగ్గిస్తూ వచ్చాను. గుండెదడకు వాడే ప్రొప్రనొలాల్ కొంచెం ఇచ్చాను, కాళ్ల తిరుగుడుకు అది పనిచేస్తుంది. మూడో మంగళవారం ఓబులేసు వరండాలో బెంచీ మీద కూర్చొని కనపడ్డాడు. పక్కన ఎవరో అతని భుజం మీద తల వాల్చి నిద్రపోతున్నారు. వాళ్లు లేస్తారేమోనని ఓబులేసు కదలకుండా కూర్చున్నాడు. అది నా జీవితంలో చూసిన గొప్ప దృశ్యమని రాయాలనుంది. రాస్తే ఆ పేరు కూడా నేనే దండుకున్నట్టవుతుంది.

పులివెందులలో రెండో పాఠం

తప్పు దిద్దుకున్నవాడికి ఇంకో పిచ్చి పడుతుంది. ఆ తర్వాత ఆరు నెలలు ఎవరు కాలు కదిపినా నాకు అకతీసియాలాగే కనిపించింది. పులివెందులలో చీనీ, అంటే బత్తాయి, తోటల రైతు ఒకాయన, నిజంగానే బైపోలార్ ఉన్నవాడు, మాత్రల మీద బాగానే ఉండేవాడు. తమ్ముడు తీసుకొచ్చాడు, అన్న నిలవడం లేదని. నేను గబగబా మాత్ర తగ్గించాను, ఓబులేసు ఋణం ఈయన దగ్గర తీర్చుకుందామని.

పదిహేను రోజులకు తమ్ముడొక్కడే వచ్చాడు. "సార్, మీరు మాత్ర తగ్గించినారు, అన్న పెరిగినాడు. ఒకే తోటలో నాలుగు బోర్లు ఏయించినాడు. ఇంగ చీనీకాయలు విమానంలో పంపిస్తాడంట. ఇంట్లో ఎవురికీ నిద్ర లేదు, ఆయనకు అక్కర్లేదు."

ఆయన్ను మళ్లీ దారికి తేవడానికి రెండు నెలలు పట్టింది. నన్ను చూసి, "డాక్టరప్పా, ఆ పదైదు దినాలు రాజు మాదిరి ఉంటి, ఎందుకు చెడగొట్టినావు?" అన్నాడు. తేడా అంతా ఆ మాటలో ఉంది. ఆ నడక ఓబులేసును ఎన్నడూ రాజును చేయలేదు. ఇద్దరినీ అడిగి ఉంటే ఇద్దరూ చెప్పేవాళ్లు. నేను రెండుసార్లూ కాళ్లనే చూశాను, మొదటిసారి చూసీ నమ్మక, రెండోసారి మరీ నమ్మి.

కాగితం

కథ ఓబులేసు బెంచీ మీద కూర్చోవడంతో అయిపోయి ఉంటే ఇది రాసేవాణ్ణి కాదు. మాత్ర తగ్గిన రెండు మూడు నెలలకు అతని నోరు కదలడం మొదలైంది. పెదాలు చప్పరిస్తాడు, నాలుక బయటికొచ్చి పోతుంది, దవడ నమిలినట్టు తిరుగుతుంది. ఎక్కువ కాలం ఎక్కువ మోతాదులో ఆ మాత్ర వాడితే కొందరికి వస్తుంది. అంతవరకు ఆ మాత్రే దాన్ని కప్పి ఉంచింది. తగ్గేసరికి బయటపడింది. కొందరిలో కాలం గడిస్తే తగ్గుతుంది, చాలామందిలో ఉండిపోతుంది. తెలిసినవన్నీ ప్రయత్నించాను. కొంచెం తగ్గింది. పోలేదు.

చెప్పాలని ఒక ఆదివారం వాళ్ల పల్లెకు పోయాను. మగ్గం లేదు. రెండేళ్ల కిందటే అమ్మేశారట, పనికిరాకుండా ఇంటికి అడ్డమని. గుంత పూడ్చి పైన బండలు పరిచారు. ఆ బండల మీదే నాకు కుర్చీ వేశారు. ఓబులేసు ఎదురుగా నేల మీద కూర్చున్నాడు, కదలకుండా, నోరు తప్ప. మాటల మధ్యలో చెప్పాడు, ప్రొద్దుటూరులో ఒక మరమగ్గాల షెడ్డులో అడిగితే పోగులు అతికే పనికి రమ్మన్నారని, పోయాడని. తెగిన పోగు కొసను పెదాల మధ్య పట్టుకొని ముడివేయడం అతని అలవాటు. పెదాలు నిలవడం లేదు. రెండు రోజులకు పంపించేశారు.

నరసింహులును కూడా పిలిపించమన్నాను. అతను వచ్చాక అంతా చెప్పాను. జబ్బు బైపోలార్ కాదని, తిరుగుడు నా మాత్ర వల్లేనని, నోరు కూడా దాని వల్లేనని.

సుబ్బలక్షుమ్మ అడిగింది.

"అంటే నేను అపుడు చెప్పింది నిజమేనా సార్?"

"నిజమేనమ్మా."

"మాత్రలు మాన్పించి నేనే పాడు చేసినానని మీరు అంటిరి గదా."

"అన్నాను. తప్పు."

"నాకు చెప్తే ఏం లాభం సార్? నాకు ముందే తెలుసు." ఆమె లోపలికి పోయి కూతురి నోటుపుస్తకం, పెన్ను తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "ఆ మాట దీంట్లో రాసియ్యండి. మూడేండ్లుగా ఈ ఊర్లో బోరింగు కాడ గూడా నాతో సరిగ్గా మాట్లాడేవాళ్లు లేరు."

నాలోని అంగడివాడు లేచాడు. రాసి సంతకం పెడితే కోర్టుకు ఇచ్చినట్టే అన్నాడు. నేను రాశాను: "రోగికి మందుల వల్ల కొన్ని దుష్ప్రభావాలు కలిగినట్లు గమనించడమైనది." సంతకం పెట్టాను. ఆమె దాన్ని బావ చేతికిచ్చి పైకి చదవమంది. అతను చదివాడు.

"గమనించింది ఎవురు సార్?" అంది.

"నేనే."

"ముందర గమనించింది?"

నరసింహులు తలవంచుకున్నాడు. నేను ఆ పేజీ చింపి జేబులో పెట్టుకున్నాను. ఓబులేసు కల్పించుకున్నాడు, నాలుక మాటకు అడ్డం పడుతుంటే మెల్లగా. "తెలుగులో రాయండి సార్. పిల్లోల్లు గూడా చదువుతారు."

రెండోసారి రాసింది ఇది. ఒక నకలు నా దగ్గర ఉంది.

"ఓబులేసుకు వచ్చింది దిగులు జబ్బు. అది తగ్గిపోయింది. నేను చూసినంత కాలంలో అతనికి ఉన్మాదం ఒక్కరోజు కూడా లేదు. ఉందని నేను పొరపడ్డాను. అతను నిలవలేక తిరిగింది నేను ఇచ్చిన మాత్ర వల్ల. ఈ సంగతి మొదట కనిపెట్టింది అతని భార్య సుబ్బలక్షుమ్మ. నాకు వివరంగా చెప్పింది. నేను వినకుండా, మాత్ర పెంచి, తప్పు ఆమె మీద వేశాను. ఆమె ఏ తప్పూ చేయలేదు.

నా వల్ల అయినవి: ఓబులేసు కూర్చోలేని ఏళ్లు నాలుగు. అందులో మొదటి ఏడాది తెలియక, తర్వాతి మూడేళ్లు చెప్పినా వినక. మగ్గం ఒకటి. సుబ్బలక్షుమ్మకు ఊళ్లో మాట పడిన ఏళ్లు మూడు. ఓబులేసు నోరు, అది ఎన్నాళ్లో నేను చెప్పలేను.

ఇందులో నేను తిరిగి ఇవ్వగలిగింది ఈ కాగితం ఒక్కటే."